బీడు అనుకున్న చోట పిట్టల ఊరు

పిల్లలూ, హైదరాబాదు నగరంలో ఎర్రగడ్డ అనే పేట ఉన్నది. అక్కడ ఒక రైతు బజారు ఉన్నది. ఆ బజారు ముందు పావుగంట సేపు నిలబడి, కంటికి కనిపించిన పిట్టలన్నిటినీ లెక్కపెట్టండి. కాకులు కనిపిస్తవి, పావురాలు కనిపిస్తవి, పారవేసిన కాయగూరల చుట్టూ గోరువంకలు పోట్లాడుకుంటూ ఉంటవి, పైన ఒక గద్ద గిరికీలు కొడుతూ ఉండవచ్చు. ఎంత జాగ్రత్తగా చూసినా పది రకాలు దాటటం కష్టమే.

ఎర్రగడ్డ నుంచి పడమరగా పది పన్నెండు కిలోమీటర్లు పోతే గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం వస్తుంది. 1974లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయాన్ని ఊళ్ళో అందరూ సెంట్రల్ యూనివర్సిటీ అంటారు. దానికి మొదట కేటాయించిన నేల దాదాపు 2,300 ఎకరాలు. అక్కడి విద్యార్థులూ, పక్షులను పరిశీలించే ఇతరులూ ఎన్నో ఏళ్ళుగా తాము చూసిన పిట్టల పేర్లు రాసిపెడుతున్నారు. ఆ జాబితాలలో చేరిన పక్షుల రకాలు 200కు పైగా ఉన్నవి!

రెండు చోట్లా ఒకటే ఎండ, ఒకటే వాన. రెక్కలున్న ప్రాణికి పది కిలోమీటర్లు ఒక దూరం కాదు. మరి అక్కడ రెండు వందల రకాలకు చోటుండి, ఇక్కడ పదింటికే ఉండటానికి కారణమేమిటి?

"అక్కడ చెట్లెక్కువ గనక!" అంటారు మీరు. ఆ జవాబు తప్పు కాదు. కాని అది సగం జవాబే. మిగతా సగం తెలియాలంటే ఆ ఆవరణలోకి పోయి చూడాలి.

ఆ నేలలో చాలా భాగం చూడటానికి ఉత్త బీడులాగా ఉంటుంది. ఏనుగులంతేసి బండలు ఒకదానిమీద ఒకటి నిలబడి ఉంటవి. అవి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు రాళ్ళు. రాళ్ళ మధ్య ముళ్ళపొదలు, పొదల మధ్య గడ్డి, అక్కడక్కడ గులకరాళ్ళు తేలిన కటిక నేల, పల్లాలలో చెరువులు. ఒక చెరువును బఫెలో లేక్ అనీ, మరొకదాన్ని పీకాక్ లేక్ అనీ పిలుస్తారు. పచ్చని చెట్లూ ఉన్నవి, ఎండి మోడైన చెట్లూ ఉన్నవి. ఇల్లు కట్టేవాడు ఈ నేలను చూస్తే, "ఇదంతా చదును చేస్తే గాని దేనికీ పనికిరాదు," అంటాడు. పిట్టల సంగతి అలా కాదు.

మొదట చెరువుగట్టు మీద నిలబడదాం. చెరువు ఒకటే, భోజనానికి వచ్చేవారు మాత్రం అనేకులు. తెల్లకొంగ లోతు తక్కువగా ఉన్న నీటిలో కాళ్ళు పాతినట్టు నిలబడి చేప కోసం కాచుకుంటుంది. లకుముకి పిట్ట నీటి మీదికి వంగిన కొమ్మపై కూర్చుని, చేప కనబడగానే బాణంలాగా దూకుతుంది. నీటికాకి నీటిలో మునిగి చేపలను తరిమి పట్టుకుంటుంది. మునుగుడుకోడి కూడా మునిగేదే గాని, ఒళ్ళు చిన్నది గనక నీటిపురుగులతోనూ, చిట్టి చేపలతోనూ సరిపెట్టుకుంటుంది. వానకోవెల నీటిని తాకీ తాకకుండా ఎగురుతూ, పైన ముసిరే పురుగులను గాలిలోనే అందుకుంటుంది. ఇన్ని రకాలు ఒకే చెరువు మీద బతుకుతున్నా, ఒకే బంతిలో కూర్చున్న చుట్టాలకు మల్లే ఎవరి విస్తరి వారిది. అందుచేత కొట్లాట తక్కువ.

ఇదే పక్షుల కాపురాలలోని రహస్యం. ఒక్కొక్క పిట్టకు ఒక్కొక్క రకం ముక్కు, కాళ్ళు, తిండి ఉంటవి. దానికి తగిన చోటు ఉంటేనే ఆ పిట్ట ఉంటుంది. ఒక నేలలో ఎన్ని రకాల చోట్లుంటే అన్ని రకాల పిట్టలకు ఇల్లు దొరుకుతుంది. చెట్లు ఎన్ని ఉన్నవని అడిగితే చాలదు, ఎన్ని రకాల చోట్లున్నవని కూడా అడగాలి.

ఎండిన మోడునే తీసుకోండి. తోటమాలికి అది కట్టెలకు తప్ప పనికిరాదు. వడ్రంగి పిట్టకు అది కట్టని మేడ! అది తన ఉలిలాంటి ముక్కుతో టకటకా కొట్టి, మెత్తబడిన కర్రలో తొర్ర తొలిచి, అందులో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎగిరిపోయాక ఆ తొర్ర ఖాళీగా ఉండదు. గోరువంకకు గాని, రామచిలుకకు గాని, చిన్న గుడ్లగూబకు గాని అది కాపురముండటానికి పనికివస్తుంది. వీటికి కర్ర తొలిచే పనితనం వడ్రంగి పిట్టకున్నంత లేదు. దొరికిన తొర్రను సరిచేసుకోవటమే వీటికి తెలుసు. ఒక మోడును కొట్టేస్తే పోయేది ఒక చెట్టు కాదు, వరసగా ఎన్నో కాపురాలు.

దసరానాడు మన పెద్దలు పాలపిట్ట కోసం ఆకాశం వంక చూస్తారు గదా? ఆ పిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి కూడాను. అది గుడ్లు పెట్టేది చెట్ల తొర్రలలోనూ, గోడల కన్నాలలోనూ. తినేది మిడతలనూ, పేడపురుగులనూ, ఇతర పురుగులనూ. వాటిని పట్టటానికి అది ఎండుకొమ్మ మీదనో, తీగ మీదనో కూర్చుని కింది నేలను చూస్తూ ఉంటుంది. అందుచేత దానికి తొర్ర ఉన్న చెట్టూ కావాలి, పక్కనే గడ్డి పొట్టిగా ఉన్న ఖాళీ నేలా కావాలి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా పాలపిట్ట అక్కడ నిలవదు. పండగనాడు దాన్ని పంజరంలో పెట్టి డబ్బులకు చూపేవారు కొందరున్నారు. అది చట్టరీత్యా నేరం. పైగా ఎగరలేకుండా రెక్కలు పాడుచేసిన పిట్ట తరువాత బతకటం కష్టం. అటువంటి దర్శనం వల్ల ఏం పుణ్యం?

ఇప్పుడు కటిక నేల మీదికి పోదాం. అక్కడ తీతువు ఉంటుంది. తీతువు కూస్తే అపశకునమని కొందరు భయపడతారు. అది అరిచేది మనకు కీడు చెప్పటానికి కాదు. "నా గుడ్ల దగ్గరికి ఎవరో వస్తున్నారు" అని. ఈ పిట్ట గూడు అల్లదు. గులకరాళ్ళ మధ్య చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లు మట్టిరంగులో నల్లమచ్చలతో ఉండి రాళ్ళలో కలిసిపోతవి. మీరు రెండడుగుల దూరంలో నిలబడినా వాటిని పోల్చుకోలేరు. ఎండలు మండినప్పుడు తల్లిదండ్రులు నీటిలో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తవి. అందుకు దగ్గరలో నీరుండాలి. చూశారా, కటిక నేలకూ చెరువుకూ ఎటువంటి సంబంధమున్నదో!

బండల మీద కొమ్ముల గుడ్లగూబ ఉంటుంది. తలమీద కొమ్ములలాగా కనిపించేవి ఈకల కుచ్చులే. అది కూడా గూడు కట్టదు. రాతి అరుగు మీదనే గుడ్లు పెట్టి, రాత్రివేళ ఎలుకలను పట్టి తింటుంది. ముళ్ళపొదలలో కముజు పిట్టలు దాక్కుంటవి. పికిలి పిట్టలు అక్కడే గూళ్ళు కట్టుకుంటవి. ముళ్ళున్నవి గనక పిల్లి లోపలికి దూరటానికి జంకుతుంది.

ఆ పొదల చుట్టూ బూడిదరంగు పిట్టలు గుంపుగా తిరుగుతూ, కిచకిచమని ఒకటే గోల చేస్తవి. హిందీలో వీటిని సాత్ భాయీ అంటారు. ఏడుగురు అన్నదమ్ములని అర్థం. వీటి గూళ్ళలోనే చాతక పక్షి దొంగతనంగా గుడ్లు పెడుతుంది. రెండిటి గుడ్లూ నీలంగానే ఉంటవి గనక ఆ అన్నదమ్ములు తేడా తెలుసుకోలేక, చాతకం పిల్లను తమ పిల్లే అనుకుని పెంచుతవి. చాతకం వాన చినుకులు తాగి బతుకుతుందని కవులన్నారు. నిజానికి దానికి ఇష్టమైన తిండి గొంగళి పురుగులు. అయితే కవుల మాటలో కొంత నిజం లేకపోలేదు: వానలతో పాటే అది మన ప్రాంతాలలో కనిపిస్తుంది, ఆకులు చిగిర్చి పురుగులు పెరిగేదీ అప్పుడే.

ఇక చలికాలం అతిథులు వేరే ఉన్నారు. గులాబిరంగు గోరువంకలు మధ్య ఆసియా దేశాలలో పుట్టి, వేలకొద్దీ కిలోమీటర్లు ఎగిరి, మన దేశానికి గుంపులు గుంపులుగా వస్తవి. ఎండాకాలం ముదిరేలోగా మళ్ళీ పుట్టినచోటికి పోతవి. అంత దూరం నుంచి వచ్చేవాటికి దారిలో నీడా, నీరూ, తిండీ దొరకాలి. కాబట్టి మన ఊళ్ళోని ఒక చిట్టడవి మన ఊరిది మాత్రమే కాదు.

ఈ పిట్టల లెక్క మన ప్రాంతానికి కొత్త కాదు. 1931-32లో సాలిం అలీ అనే పక్షిశాస్త్రజ్ఞుడు నాటి హైదరాబాదు సంస్థానమంతా తిరిగి, ఏ పక్షి ఎక్కడున్నదో పరిశీలించాడు. ఆ వివరాలు 1933, 1934 సంవత్సరాలలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయినవి. ఇంత కాలం తరువాత కూడా, అప్పుడేమి ఉండేవి, ఇప్పుడేమి ఉన్నవి అని పోల్చి చూడటానికి అటువంటి లెక్కలే ఆధారం. రాసి ఉంచనిది పోయినా, పోయినట్టే తెలియదు.

పోవటం అనే మాట ఎందుకన్నానంటే, 2025లో ఒక సంగతి జరిగింది. విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని కంచ గచ్చిబౌలి అనే చోటున్నది. కంచ అంటే పూర్వం పశువుల మేతకు విడిచిన గడ్డినేల. ఆ సంవత్సరం మార్చి నెలాఖరున అక్కడి 400 ఎకరాలను చదును చేయటానికి బుల్డోజర్లు వచ్చినవి. ఆ నేల తనదని రాష్ట్ర ప్రభుత్వం అన్నది. అక్కడి చెట్లనూ, ప్రాణులనూ కాపాడాలని విద్యార్థులు అడ్డు చెప్పారు. ఏప్రిల్ 3న సుప్రీం కోర్టు పని ఆపమని ఉత్తరువు చేసింది. అప్పటికే సుమారు 100 ఎకరాలలో పచ్చదనం పోయింది. దాన్ని తిరిగి ఎలా పెంచుతారో చెప్పమని కోర్టు ప్రభుత్వాన్ని అడిగింది.

నేల ఎవరిదన్నది పెద్దలు తేల్చవలసిన విషయం. మనం ఆలోచించవలసింది మరొకటి. మార్చి, ఏప్రిల్ నెలలు తీతువు గుడ్లు పెట్టే రోజులు. బుల్డోజరు కింద ఎన్ని గుడ్లు పోయినవో ఎవరు లెక్కపెట్టగలరు? పోయిన చోట మొక్కలు నాటవచ్చు గదా అంటే, నాటవచ్చు, మంచిదే. కాని వరసగా చెట్లు నాటి నేలంతా నీడ చేస్తే చెట్ల పిట్టలు వస్తవే తప్ప, కటిక నేల కావలసిన తీతువు రాదు, గడ్డి కావలసిన కముజు పిట్ట రాదు. తొర్రలున్న మోడు కావాలంటే, నాటిన మొక్క పెరిగి, ముదిరి, ఎండేదాకా ఆగాలి. అంతకాలం పాలపిట్ట ఎక్కడికి పోతుంది?

నగరం పెరగకుండా ఉండదు. అయినా ఉన్నదాన్ని ఉన్నట్టు కొంత విడిచిపెడితే ఎంత మేలో తెలుసుకోవటానికి జూబిలీ హిల్సు చూడండి. ఫిల్మ్ నగర్, సినిమావాళ్ళ మేడలు, ఎడతెగని కార్లు దగ్గరలోనే ఉన్నా, కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనంలో రాళ్ళనూ పొదలనూ అలాగే ఉండనిచ్చారు. 1998లో జాతీయ వనంగా ప్రకటించిన ఆ చోటు దాదాపు 390 ఎకరాలే. అయినా తెల్లవారుజామున అక్కడ నెమలి కూత వినిపిస్తుంది.

ఇక మీరు చేయవలసిన పని. ఏటా ఫిబ్రవరి నెలలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పక్షుల లెక్క జరుగుతుంది. మన దేశం 2013 నుంచి అందులో పాల్గొంటున్నది. ఎన్నో కాలేజీలూ, విశ్వవిద్యాలయాలూ తమ ఆవరణలలోని పిట్టలను లెక్కవేసి పంపుతవి. నియమం చాలా సులభం: కనీసం 15 నిమిషాలు ఒకచోట ఉండి, చూసిన, విన్న పక్షులన్నిటినీ రాయాలి. కాకిని కూడా వదలకూడదు. ఫిబ్రవరి దాకా ఆగనక్కర లేదు. ఈ ఆదివారం పొద్దున్నే అమ్మనో, నాన్ననో వెంటబెట్టుకుని మీ బడి ఆవరణకు పొండి. ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీసి చెట్టు, పొద, నేల, నీరు అని రాయండి. ఏ పిట్ట ఎక్కడ కనిపిస్తే ఆ గడిలో దాని పేరు వేయండి. పేరు తెలియకపోతే రంగూ, ముక్కు ఆకారమూ రాస్తే చాలు.

ఏ గడి ఖాళీగా మిగిలిందో చూడండి. మీ బడిలో ఆ చోటు లేదన్నమాట. ఒక మూల గడ్డిని కోయకుండా ఉంచటమో, మనుషుల మీద పడే భయం లేని మోడును కొట్టకుండా వదలటమో, గోడ పక్కన మట్టి మూకుడులో నీళ్ళు పెట్టటమో చేయవచ్చునేమో మీ మాస్టారును అడగండి. మళ్ళీ నెల తరువాత అదే వేళకు పోయి, అదే కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి లెక్క చూసుకోండి.