పెళ్ళి మనది – చెత్త ఎవరిది?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాను. కానీ ఈ మధ్య సెలవులకు ఇంటికి వెళ్తే ఒకటే మాట. నాకు ఇరవై మూడేళ్ళు వచ్చాయి, పీజీ అయిపోవస్తోంది, ఇక పెళ్ళి చేసెయ్యాలని. అందుకే పెళ్ళి గురించే రాస్తున్నాను. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ నవ్వుకోవద్దు. రేపు మీ ఇంట్లోనూ ఇదే మాట వస్తుంది.

2023 వేసవిలో మా అక్క పెళ్ళి జరిగింది. నాన్న రెండు లక్షలు అప్పు తెచ్చాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు ఆరు వేలు, ఏడాదికి డెబ్భై రెండు వేలు. రెండేళ్ళకు వడ్డీయే లక్షా నలభై నాలుగు వేలయింది. అసలు అలాగే ఉంది. ఆ డబ్బులో చాలా భాగం స్టేజి డెకరేషన్‌కు, డిజెకు, ఫ్లెక్సీలకు, బఫే భోజనాలకు పోయింది. ఒక్క రాత్రి వెలుగు కోసం మా నాన్న ఎన్ని రోజుల కూలి తాకట్టు పెట్టాడో లెక్క వేస్తే నాకు కన్నీళ్ళు వచ్చాయి.

అప్పు కన్నా నన్ను ఎక్కువ బాధ పెట్టింది మరొకటి ఉంది. మా అమ్మ పంచాయతీలో పారిశుద్ధ్య కార్మికురాలు. అక్కను అత్తవారింటికి పంపిన మర్నాడు తెల్లవారకముందే అమ్మ చీపురు పట్టుకుని పనిలోకి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. వీధి కాలువ నిండా అక్క పెళ్ళి గ్లాసులే. ప్లేట్లు, థర్మాకోల్ ముక్కలు, నీళ్ళ ప్యాకెట్లు. మురుగు రోడ్డు మీదకు వచ్చేసింది. కూతురి పెళ్ళి ఎంగిలిని తల్లి కాలువలోంచి చేత్తో తీసింది. ఆ రోజు నాకొక సంగతి అర్థమైంది. పర్యావరణం అనేది పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న కాదు. ఎవరు ఎంత గొప్పగా పెళ్ళి చేసినా, చివరికి ఆ చెత్త ఎత్తేది మన అమ్మలే!

2022 జూలై 1 నుండి మన దేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, అలంకరణకు వాడే థర్మాకోల్ నిషేధించారు. వంద మైక్రాన్ల కన్నా పలుచనైన పీవీసీ బ్యానర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అయినా ఏడాది తరువాత జరిగిన మా ఇంటి పెళ్ళిలో అవన్నీ ఉన్నాయి. చట్టం గుమ్మం దాకానే వస్తుంది. లోపలికి తీసుకురావలసింది మనమే. కాగితం గ్లాసు వాడితే సరిపోతుందని కొందరు అంటారు. నీళ్ళకు తడిసిపోకుండా దాని లోపలా ప్లాస్టిక్ పూతే ఉంటుంది.

ఇదంతా చెప్పి, "నా పెళ్ళికి విస్తరాకులు వేద్దాం" అన్నాను. మా అమ్మమ్మకు కోపం వచ్చింది. "ఆకుల్లో తిన్నది చాలదా? పెద్దోళ్ళ పెళ్ళికి పోతే దూరంగా కూకోబెట్టి ఆకులో ఎత్తి పడేసేవోళ్ళు. మా ఆకులు మేమే తీసుకోవాల. నువ్వు చదువుకున్నది మళ్ళా ఆకుల్లోకి పోవడానికా?" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

మిత్రులారా! నిరాడంబరంగా ఉండండి అని మనకు చెప్పడం చాలా తేలిక. కానీ ఒకప్పుడు పెళ్ళి ఊరేగింపుతో నడివీధిలో నడవనివ్వని వాళ్ళం మనం. మనవాళ్ళు అప్పు చేసైనా ఆర్భాటంగా పెళ్ళి చేస్తున్నారంటే, అందులో గొప్పల కన్నా గౌరవం కోసం ఆరాటమే ఎక్కువ. దాన్ని వెక్కిరించకూడదు. అయితే ఆ గౌరవం డిజెలో ఉందా, ప్లాస్టిక్ పూలలో ఉందా అన్నదే నా ప్రశ్న.

మహాత్మా ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజం పురోహితుడు లేకుండా తక్కువ ఖర్చుతో పెళ్ళిళ్ళు జరిపించింది. 1948 ఏప్రిల్ 15న బాబాసాహెబ్ అంబేద్కర్ ఢిల్లీలో తన ఇంట్లోనే రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. అదే ఏడాది మన గోరా గారి కుమార్తె మనోరమ, అర్జునరావు గార్లు కులం గీత దాటి సేవాగ్రామ్ ఆశ్రమంలో పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళ గౌరవం ఏమైనా తగ్గిందా?

అమ్మమ్మ మాట విన్నాక నేను నా ఆలోచన కొంచెం మార్చుకున్నాను. ఆకా, ప్లేటా అన్నది కాదు ముఖ్యం. అందరూ ఒకే పంక్తిలో కూర్చోవాలి, ఇంటివాళ్ళే వడ్డించాలి, ఎంగిలి ఇంటివాళ్ళే తియ్యాలి. అప్పుడు స్టీలు కంచమైనా, ఏజెన్సీలో గిరిజనులు కోసి కుట్టే అడ్డాకు విస్తరైనా గౌరవమే. విస్తరాకులు కొంటే ఆ డబ్బు అడవిలో కష్టపడే తల్లులకు చేరుతుంది. కొబ్బరాకుల పందిరి, మామిడి తోరణాలు, అరటి బోదెలు, బంతిపూలు ఏ థర్మాకోల్ హంసకు తక్కువ? పగలు పెళ్ళి పెట్టుకుంటే జనరేటరు అవసరమే ఉండదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు బయట మైకులు మోగించకూడదు. డిజె బదులు మన డప్పు పెట్టుకుందాం. కాకపోతే డిజె వాడికి అడిగినంతా ఇచ్చి, డప్పు కొట్టే పెదనాన్న దగ్గర బేరం ఆడొద్దు.

ఇంకొక మాట. ఇది మన హాస్టల్ పిల్లలకే తెలుసు. రాత్రి పదకొండు గంటలకు లైట్లు వేసి, "లేవండర్రా, పెళ్ళి భోజనం వచ్చింది" అని లేపేవారు. బిర్యానీ చూసి సంతోషంగానే తినేవాళ్ళం. కానీ ఎవరికో మిగిలితేనే మనం గుర్తొచ్చామని నాకు పదవ తరగతిలో తెలిసింది. అందుకే చెబుతున్నాను. కావలసినంతే వండుదాం, అడిగి వడ్డిద్దాం. హాస్టల్ పిల్లలకు పెట్టాలనుకుంటే ముందే పిలిచి మొదటి పంక్తిలో కూర్చోబెడదాం.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. ఏటా వార్షికోత్సవానికి మనం షీల్డులు, శాలువలు కొంటున్నాం. ఈసారి ఆ డబ్బుతో మూడు వందల స్టీలు కంచాలు, మూడు వందల గ్లాసులు, పెద్ద గిన్నెలు, గరిటెలు కొందాం. మన హాస్టల్‌లో చదివిన వారి ఇంట్లో పెళ్ళి అయితే అద్దె లేకుండా ఇద్దాం. కడిగి, లెక్క చూసి తిరిగి ఇవ్వాలి. అంతే షరతు. కడిగేటప్పుడు ఆడవాళ్ళతో పాటు మగవాళ్ళూ కూర్చోవాలి. హాస్టల్‌లో మన కంచం మనమే కడుక్కున్నాం కదా, పెళ్ళిలో కడిగితే పరువు పోతుందా?

ఆ కంచాలు ముందుగా నా పెళ్ళికే అడుగుతాను. ఎప్పుడో, ఎవరితోనో ఇంకా తెలియదు. పెళ్ళికి అప్పు చెయ్యొద్దని మాత్రం నాన్నకు గట్టిగా చెప్పాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, అమ్మమ్మా ఒప్పుకోలేదు. అమ్మ మాత్రం ఒకే మాట అడిగింది: "అయితే మర్నాడు పొద్దున్న కాలువ శుభ్రంగా ఉంటుందా?"

ఉంటుందమ్మా, అని మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టడానికి మీ అందరి సహాయం కావాలి. ఆలోచించండి.

జై భీమ్!

– ఒక పూర్వ విద్యార్థిని,
ఎం.ఎస్సీ. (వృక్షశాస్త్రం) చివరి సంవత్సరం