రోహిణి కార్తెలో లెదర్ జాకెట్టా, తమ్ముడూ?

ఈ వారం వచ్చిన ఉత్తరాల కట్టలో ఒకటి నన్ను కడుపుబ్బ నవ్వించింది. రెండోసారి చదివేసరికి మాత్రం భయం వేసింది.

రాసింది తణుకు కుర్రాడు. డిగ్రీ రెండో సంవత్సరమట. పేరు వెయ్యొద్దన్నాడు కాబట్టి వెయ్యను. ఉత్తరం సారాంశం ఇదీ:

"అన్నగారూ! మా అభిమాన హీరో సినిమా మే నెలాఖరున రిలీజవుతోంది. ట్రైలర్లో ఆయన తొడుక్కున్నలాంటి నల్ల లెదర్ జాకెట్టూ, నల్ల టీషర్టూ, బిగుతు జీన్సూ మా బ్యాచ్ పన్నెండుమందిమీ కొనేశాం. మొదటిరోజు వూరి మొదట్నుంచి హాలు దాకా ర్యాలీగా నడిచి వెళ్ళాలని ప్లాను. మా అమ్మ మాత్రం 'ఈ ఎండలో అది తొడుక్కుంటే మాడిపోతావురా' అని గోల పెడుతోంది. స్టైలుకి ఎండేమిటి, వానేమిటి? మీరే చెప్పండి!"

చెప్తాను తమ్ముడూ. చెప్పే అర్హత నాకుంది. ఎందుకంటే నేనూ ఒకప్పుడు నీలాంటి వీరాభిమానినే!

2006 ఏప్రిల్ 28. 'పోకిరి' రిలీజైన రోజు. అప్పుడు నేను బెజవాడలో ఇంటర్ కుర్రాణ్ణి. మహేష్‌బాబు టీషర్టు మీద గుండీలు పెట్టకుండా చొక్కా వేసుకున్నాడని తెలిసిందే తడవు, ఫుట్‌పాత్ మీద బేరమాడి ఒక చొక్కా కొన్నాను. నూటికి నూరుపాళ్ళూ పాలిస్టరు. అప్పుడు నాకా సంగతి తెలీదు, మెరుపు చూసి మురిసిపోయాను! లోపల బిగుతు టీషర్టు, పైన ఈ మెరుపు చొక్కా. టిక్కెట్ల లైన్లో రెండు గంటలు నిలబడ్డాను. కౌంటరు ఇంకా పదిమంది దూరంలో వుందనగా కళ్ళు బైర్లు కమ్మాయి. మళ్ళీ తెలివొచ్చేసరికి సోడా బండి పక్కన నేల మీద వున్నాను. ఎవరో పుణ్యాత్ముడు నెత్తిన నీళ్ళు గుమ్మరిస్తున్నాడు. మా స్నేహితులు సినిమా చూసొచ్చి కథంతా చెప్పారు. నాకు దక్కింది రెండు గ్లాసుల మజ్జిగ!

నాలుగోరోజు మా నాన్న పాత నూలు చొక్కా తొడుక్కుని వెళ్ళి సినిమా చూశాను. స్టైలుగా లేనని నన్నెవరూ హాల్లోంచి గెంటెయ్యలేదు.

అసలు మన సినిమాలకి ఎండాకాలం పంటకాలం. 'అడవి రాముడు' వచ్చింది 1977 ఏప్రిల్ 28న. 'బాహుబలి' రెండో భాగం వచ్చిందీ 2017 ఏప్రిల్ 28నే. పరీక్షలు అయిపోతాయి, సెలవులిస్తారు, హీరోలు దిగుతారు. వాళ్ళతోపాటు సూర్యుడూ దిగుతాడు. కాబట్టి కొత్త ఫ్యాషన్ మన వూళ్ళోకి వచ్చేది సరిగ్గా రోళ్ళు పగిలే రోజుల్లోనే. వచ్చిన చిక్కంతా ఇక్కడే!

ఇప్పుడు నీకో రహస్యం చెప్తాను. పత్రికల్లో రాయడం మొదలుపెట్టిన కొత్తలో హైదరాబాదు శివార్లలో ఒక అవుట్‌డోర్ షూటింగు చూడ్డానికి వెళ్ళాను. మే నెల. చెట్టన్నది లేని రాళ్ళ గుట్ట. హీరోగారు లెదర్ జాకెట్లో నడిచొస్తుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. ఈయనకి చెమటే పట్టదా అనుకున్నాను.

'కట్' అనగానే గొడుగు కుర్రాడు పరుగెత్తాడు. టచప్ అతను చెమట అద్దాడు. ఇంకొకతను జాకెట్టు లాగేశాడు. మరుక్షణం హీరోగారు ఏ.సీ. క్యారవాన్లో వున్నారు! పక్కనే వున్న ముసలి కాస్ట్యూమరు నా మొహం చూసి నవ్వాడు. ఆ జాకెట్టుని తిరగేసి చూపించాడు. లోపల లైనింగ్ లేదు! వీపు భాగంలో తోలూ లేదు! పల్చటి నల్ల నూలుగుడ్డ అతికించి వుంది. "ఈ సీన్లో కెమెరా ముందువైపే చూస్తుంది బాబూ. వెనకవైపు గాలాడాలి కదా?" అన్నాడు. పొద్దుట్నుంచి హీరోగారు దాన్ని తొడుక్కున్న సమయమంతా కలిపితే పావుగంట కూడా వుండదట.

అదే గుట్ట మీద పోలీసు డ్రస్సుల్లో ఇరవైమంది జూనియర్ ఆర్టిస్టులు నిలబడ్డారు. వాళ్ళకి గొడుగుల్లేవు. ఖాకీ బట్టకి వీపున కత్తిరింపుల్లేవు. పైగా రిఫ్లెక్టర్ల వెలుగు ఎదురుకొడుతోంది. మధ్యాన్నం రెండు గంటలకి వాళ్ళల్లో ఒకతను నిలువునా కూలిపోయాడు. గుండీలు విప్పి, తడిగుడ్డలు చుట్టి, జీపులో ఆస్పత్రికి పంపించారు. అదృష్టవంతుడు, బతికాడు. ఆ సాయంత్రం కాస్ట్యూమరు అన్నమాట నేనింతవరకూ మర్చిపోలేదు. "తెర మీద బట్టలు చూపించడానికి బాబూ. ఇంట్లో బట్టలు బతకడానికి."

తమ్ముడూ! నువ్వు చూసింది ఆ జాకెట్టు ముందు భాగం. దాని వెనక భాగం నీకెవరూ చూపించలేదు. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

కాస్త సైన్సు కూడా విను. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయట గాలి అంతకంటే వేడెక్కితే ఒంట్లో వేడి గాలిలోకి పోవడం మానేస్తుంది, గాలి వేడే ఒంట్లోకి వస్తుంది. అప్పుడు మనల్ని కాపాడేది ఒక్కటే, చెమట. చెమట పట్టడం కాదు సుమా, అది ఆరడం! చెమట ఆరాలంటే గుడ్డ దాన్ని పీల్చాలి, గాలి దాన్ని తీసుకుపోవాలి. నూలు దాని బరువులో ఏడెనిమిది శాతం దాకా గాలిలోని తేమని పీల్చుకుని వుంచుకోగలదు. నారబట్ట, అంటే లినెన్, అంతకంటే ఎక్కువ. పాలిస్టరు అర శాతం కూడా పీల్చదు. రెక్సిన్ జాకెట్టు సంగతి అడక్కు. అది తొడుక్కుంటే వొళ్ళంతా ప్రెషర్ కుక్కరే!

మరి రంగు? తెల్లబట్ట చల్లన, నల్లబట్ట వేడి. నిజమే, కానీ అంతటితో అయిపోలేదు. ఎడారిలో తిరిగే బెడూయిన్లు నల్లటి అంగీలు తొడుక్కుంటారు. ఎందుకా అని శాస్త్రజ్ఞులు నెగెవ్ ఎడారిలో పరీక్షించి, 1980లో ఫలితం ప్రకటించారు. నల్లగుడ్డ వేడిని ఎక్కువే పీలుస్తుంది. కానీ అంగీ బాగా వదులుగా వుండటంతో లోపల గాలి ఆడి, ఆ వేడి ఒంటిదాకా రాకుండా పోతుంది. తెల్ల అంగీకీ, నల్ల అంగీకీ ఒంటికి తగిలే వేడిలో తేడా లేదు! అంటే రంగుకంటే ముందు చూడాల్సింది వదులు. నీకు నల్లరంగు మీద అంత మోజుంటే వదులుగా వుండే నల్ల నూలు లాల్చీ కుట్టించుకో, నేనేమీ అనను.

ఇక ఏ వూళ్ళో ఎలా తొడుక్కోవాలి? అన్నిచోట్లా ఎండ ఒక్కలాంటిది కాదు. రామగుండం, కర్నూలు వైపు పొడి ఎండ. వడగాలి మొహాన కొడుతుంది. అక్కడ చేతులు బయటపెట్టుకుని తిరగడం స్టైలు కాదు, పొరపాటు. వదులైన ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, తలకి తడి కండువా. పొడిగాలికి ఆ తడి ఆరుతుంటే ఎంత హాయో! అదే కాకినాడ, మచిలీపట్నం వైపు అయితే ఉక్క. గాలిలోనే తేమ వుండబట్టి చెమట తొందరగా ఆరదు, ఎంత నూలుచొక్కా అయినా తడిసి ముద్దవుతుంది. అక్కడ పల్చటి పొట్టిచేతుల చొక్కా మేలు. సంచీలో ఇంకొక చొక్కా పెట్టుకుంటే ఇంకా మేలు. ఇంటర్వెల్లో మార్చుకుంటే కొత్త పెళ్ళికొడుకులా వుంటావు!

కొట్టువాడు "ప్యూర్ కాటన్ సార్" అంటే నమ్మెయ్యకు. గుడ్డ మీద ఒక నీటిచుక్క వెయ్యి. గంజి పోయిన నూలైతే చటుక్కున తాగేస్తుంది. ఇంకా అనుమానంగా వుంటే ఒక పోగు లాగి ఇంటికెళ్ళి జాగ్రత్తగా కాల్చి చూడు. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. రేయాన్ కూడా కాగితంలాగే కాలుతుంది గానీ అదీ చెమట పీలుస్తుంది కాబట్టి పరవాలేదు.

మంగళగిరి నూలుగుడ్డ రెండున్నర మీటర్లు తీసుకో. ముందు నీళ్ళల్లో నానేసి, ఆరేసి, ఆ తర్వాతే టైలరుకివ్వు. లేకపోతే మొదటి ఉతుక్కే కుంచించుకుపోయి మీ తమ్ముడికి సరిపోతుంది! ఛాతీ కొలతకి నాలుగంగుళాలు వదులు వుంచమని చెప్పు. స్టైలంతా కాలర్లోనూ, చేతి మడతలోనూ, భుజం దగ్గర సరిగ్గా కూర్చోవడంలోనూ చూపించు. గంజి పల్చగా పెట్టించు. గంజి అట్టకడితే గాలి ఆడదు.

చెల్లెళ్ళూ, మిమ్మల్ని మర్చిపోలేదు. మంచుకొండల పాటల్లో హీరోకి కోటు, హీరోయిన్‌కి షిఫాన్ చీర! అక్కడ పాపం ఆవిడ చలికి వణుకుతుంది. అదే షిఫాన్, జార్జెట్ ఇక్కడ మే నెలలో మీరు కడితే ఉడికిపోతారు. ఇప్పుడు బజార్లో దొరికే వాటిలో చాలావరకు పాలిస్టరే మరి. నూలు కుర్తా, కింద బిగుతు లెగ్గింగ్స్‌కి బదులు వదులు ప్యాంటు, స్కూటీ మీద మొహానికి నూలు చున్నీ. పెడన కలంకారీ, వెంకటగిరి, నారాయణపేట చేనేతలు వుండగా మీకు రంగులకీ, అంచులకీ కరువా?

"అన్నగారూ, మీరు చెప్పేవన్నీ తాతయ్య బట్టలే!" అంటావేమో. 1953లో 'దేవదాసు'లో అక్కినేని కట్టింది పంచె, లాల్చీ. దానికి మించిన స్టైలు చూపించు! 2018లో 'రంగస్థలం'లో రామ్‌చరణ్ కట్టింది గళ్ళ లుంగీ. అది చూసి కుర్రాళ్ళందరూ లుంగీలు కట్టలేదూ? 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' కోసం కృష్ణ రాజస్థాన్ వెళ్ళి కౌబాయ్ వేషం కట్టారు. ఆ వేషంలో ఎండకి పనికొచ్చేది వెడల్పు అంచు టోపీ. మనవాళ్ళు దాన్ని వదిలేసి బెల్టునీ, బూట్లనీ కాపీ కొట్టారు!

ఇక నవ్వులు చాలు. 2015 మే నెలలో వడగాడ్పులకి మన రెండు రాష్ట్రాల్లోనూ కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండ అందరితోనూ సోడా బండి దగ్గర ఆగదు. మీ బ్యాచ్‌లో ఎవరైనా తడబడుతున్నా, అర్థంలేని మాటలు మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా వెంటనే నీడలోకి తీసుకెళ్ళండి. బట్టలు వదులుచేసి ఒంటి నిండా నీళ్ళు చల్లి విసరండి. 108కి ఫోన్ చెయ్యండి. తెలివి లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యొద్దు.

కాబట్టి తమ్ముడూ, ర్యాలీ మానొద్దు. పన్నెండుమందీ ఒకే రంగు చేనేత చొక్కాలు కుట్టించుకుని, నెత్తిన కండువాలు చుట్టుకుని, ఎండెక్కకముందే నడవండి. వూరు వూరంతా మీవైపే చూడకపోతే నన్నడుగు! ఆ జాకెట్టు ఎక్కడికీ పోదు, సంక్రాంతి సినిమాకి పనికొస్తుంది.

ఆ రోజు తీసుకున్న ఫొటో ఒకటి నాకు పంపించు. ఫొటోలో పన్నెండుమందీ వుండాలి, తెలిసిందా? ఒక్కరు తగ్గినా ఒప్పుకోను. అన్నట్టు, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. ఈ కాలమ్ రాయాల్సింది నిజానికి ఆవిడే!