పాచికలు ఎవరివి?

జూదానికి కొత్త పేరు పెట్టారు. "ట్రేడింగ్" అంటున్నారు. తిరుపతిలో నా దగ్గర చదువుకునే ఒక విద్యార్థి, లెక్కల్లో చురుకైనవాడు, నాతో ఖరాఖండిగా చెప్పాడు: "పందెం కాసేవాడు వేరు సార్. ఎవరు గెలుస్తారో నాకు అనవసరం. రేటు మారితే చాలు." ఆ కుర్రవాడు అబద్ధం చెప్పలేదు. ఈ కొత్త జూదం కిటుకంతా ఆ మాటలోనే వుంది గనక దాన్ని విప్పి చూడాలి.

పాత పద్ధతిలో పందెగాడికి ఎదురు నిలిచేవాడు బుకీ. 2000లో లండన్‌లో బెట్‌ఫెయిర్ అనే సంస్థ ఈ పద్ధతి మార్చి "ఎక్స్ఛేంజి" తెరిచింది. అక్కడ పందెం ఇద్దరు పందెగాళ్ల మధ్య. సంస్థ నడుమ కూర్చుని గెలిచినవాడి లాభంలో కమిషను కోసుకుంటుంది. జట్టు గెలుస్తుందని కాయటం "బ్యాక్", గెలవదని ఎదురు కాయటం "లే". రేటు 2 వున్నప్పుడు మనవాడు వెయ్యి రూపాయలు బ్యాక్ చేశాడనుకుందాం. నాలుగు ఓవర్లు ఆ జట్టు దంచి కొట్టింది, రేటు 1.5కు దిగింది. అప్పుడు 1,333 రూపాయలకు లే చేస్తాడు. జట్టు గెలిస్తే మొదటి పందెంలో వెయ్యి వస్తుంది, రెండో దానిలో 667 పోతుంది. ఓడితే వెయ్యి పోయి 1,333 వస్తుంది. ఎటు పోయినా 333 మిగులు.

బాగానే వుంది. ఆ 333 ఎక్కడిది? ఒక మామిడికాయ కాయలేదు, ఒక గోడ లేవలేదు, ఒక రోగికి మందు పడలేదు. ఇంకొక హాస్టలు గదిలో ఇంకొక కుర్రవాడి ఫీజు డబ్బు అది. రేటు 3కు ఎక్కివుంటే అంతే మొత్తం మనవాడి జేబులోంచి పోయేది. పందెగాళ్ల జేబులన్నీ కలిపి లెక్కవేస్తే ప్రతి ఆట చివరా తేలేది నష్టమే, సరిగ్గా కమిషనంత. డబ్బు తనంతట తాను డబ్బును కంటున్నట్టు కనిపించే మాయ గురించి మార్క్స్ "పెట్టుబడి" మూడో సంపుటంలో రాశాడు. ఫ్యాక్టరీ యజమాని కనీసం సరుకు తీయించి దోచుకుంటాడు. ఇక్కడ ఆ మధ్య మెట్టు కూడా లేదు.

"వాటాల మార్కెట్టులో ఇదే పని చేస్తే పెద్దమనుషులు కదా?" అంటాడు మావాడు. పోలిక నిజమే. అందుకే సెబీ 2024లో వేసిన లెక్క అతనికి చూపించాను. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. పెద్దమనుషుల జూదానికి సూటూ బూటూ వున్నాయి, అంతే తేడా.

నైపుణ్యం మాట. 1957లో సుప్రీంకోర్టు జూదం వ్యాపారం కానే కాదన్నది. 1967లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే రమ్మీ నైపుణ్యంతో కూడిన ఆట అన్నది. ఆ రెండో మాటను కంపెనీలు అర్ధశతాబ్దం పాటు గొడుగులా పట్టుకున్నాయి. పోనీ, నైపుణ్యం వుందనే ఒప్పుకుందాం. నిలకడగా గెలుచుకుపోయే నిపుణుల లాభాల మీద అదే బెట్‌ఫెయిర్ 2008లో అదనపు సుంకం వేసింది. 2011లో దాన్ని 60 శాతం దాకా పెంచింది. ఓడేవాడి మీద మాత్రం ఏ సుంకమూ లేదు, అతను కావలసినవాడు! ఇక వేగం సంగతి. మైదానంలో బంతి పడిన కొన్ని క్షణాలకు గాని మన ఫోనులో బొమ్మ రాదు. ఆ క్షణాలను అమ్ముకు బతికేవాళ్లున్నారు. 2014 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్‌లో మైదానం పక్కన కూర్చుని పాయింట్లు చేరవేస్తున్నాడని ఒక బ్రిటిష్ యువకుణ్ణి అరెస్టు చేశారు, తర్వాత కేసు ఎత్తేశారు. అట్లాంటి వాళ్లతో మా హాస్టలు కుర్రవాడి పోటీ. అదీ అసలు ఎక్స్ఛేంజి అయితే. ఇక్కడ ఏజెంటు ఇచ్చే "ఐడీ" వెనక వున్నది ఎవరో తెలియదు. వాడు పందెం రద్దు చేసినా, ఖాతా మూసేసినా చెప్పుకోను దిక్కు లేదు.

మారే రేటు మా ప్రాంతానికి కొత్త కాదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో టమోటా కిలో 150 రూపాయలు దాటింది. కోత కూలి గిట్టక అదే టమోటాను రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లు ఎన్నో. 2025లో తోతాపురి మామిడి లోడ్లు చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరసలు కట్టాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలనీ, తాను 4 కలుపుతాననీ ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఎనిమిది కోసం రైతు ఫ్యాక్టరీ చుట్టూ తిరగవలసి వచ్చింది. రైతుకు "లే" బొత్తాం లేదు. పండిన కాయను వెనక్కి చెట్టుకు తగిలించలేడు. మా కాలేజీకి వచ్చే పిల్లలు ఈ యిళ్ల నుంచే వస్తారు. మారే రేటు తండ్రిని ముంచింది. మారే రేటుతోనే గట్టెక్కుతానని కొడుకు అర్ధరాత్రి దాకా ఫోను పట్టుకుని కూర్చుంటాడు. డిగ్రీకి ఉద్యోగం లేదు, నోటిఫికేషన్ ఎప్పుడో తెలియదు. సోమరితనం అనేవాళ్లు ఒక్కసారి ఆ గదిలో కూర్చుని చూడండి. వాడు చేసేది చాకిరీయే. ఫలితం మాత్రం ఎవరికీ తిండి పెట్టదు.

మా పల్లెల్లో ధర్మరాజు గుళ్లున్నాయి. ఏటా భారతం పెడతారు: పగలు హరికథ, రాత్రి నాటకం, చివర దుర్యోధన వధ, నిప్పులగుండం. (నేను భక్తుణ్ణి కాను. ఆ నాటకాలు మాత్రం వదలను.) మాయాజూదం ఘట్టంలో ఏ ముసలమ్మా ధర్మరాజును ఒక్కణ్ణే తిట్టదు. ఆటకు పిలిచినవాడెవడు, సభ ఎవరిది, పాచికలు ఎవరివి అంటుంది. పణం దుర్యోధనుడిది, వేసే చెయ్యి శకునిది. ఆ పాటి వివేకం మన ఉపన్యాసకులకు లేదు. "వ్యసనం, వ్యసనం" అని విద్యార్థికి నీతులు చెప్పి చేతులు కడుక్కుంటారు.

సభ ఎవరిదో చూద్దాం. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. 2020లో ఆ పోటీకి పేరు తగిలించినదీ, 2023 నుంచి 2025 ఆగస్టు దాకా దేశపు జట్టు చొక్కా మీద నిలిచినదీ డబ్బు కట్టి ఆడే ఆటల కంపెనీయే. అది ఎక్స్ఛేంజి కాదు, నిజమే. కాని ఆటను చూసే కన్నును లెక్కచూసే కన్నుగా మార్చింది అదే. 2023 అక్టోబరు 1 నుంచి పందెం మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వేసి సర్కారూ వాటా పుచ్చుకుంది. ఆంధ్ర ప్రభుత్వం 2020లోనే గేమింగ్ చట్టం సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది, ఆడినవాడికీ జైలే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆడినవాణ్ణి వదిలి, నడిపేవాణ్ణీ ప్రకటన వేసేవాణ్ణీ డబ్బు చేరవేసేవాణ్ణీ నేరస్తులన్నది. ఈ చూపు సరైనది. కాని పోలీసులకు దొరికేది లాడ్జి గదిలో నాలుగు ఫోన్లతో వున్న చిల్లర ఏజెంటే, యజమాని సముద్రాల అవతల వుంటాడు.

పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఈ చిక్కుముడి యెన్నడో విప్పారు. 1992లో వాళ్లు మొగుళ్లకు నీతులు చెప్పి వూరుకోలేదు. సారా దుకాణం మూయించారు, ఉద్యమం రాష్ట్రమంతా పాకి వేలంపాటలను అడ్డుకుంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఇక్కడి దుకాణానికి తలుపు లేదు, నిజమే. కాని డబ్బు నడిచే దారి వుంది. విద్యార్థుల పేరున తెరిపించి, నెలకు ఇంతని అద్దెకు తీసుకునే బ్యాంకు ఖాతాలే ఆ దారి. కేసు పడితే ముద్దాయి ఆ ఖాతా పేరుగల కుర్రవాడే. తిరుపతిలో, చిత్తూరులో విద్యార్థి సంఘాలు హాస్టలు హాస్టలుకూ వెళ్లి ముందుగా చెప్పవలసింది ఈ ఖాతాల సంగతి. తర్వాత బ్యాంకు మేనేజరు గది ముందు కూర్చుని, యే ఆదాయమూ లేని విద్యార్థి ఖాతాలో రాత్రికి రాత్రి లక్షలు దాటిపోతుంటే మీరు చూస్తున్నదేమిటని అడగాలి.