ఒక్క డిగ్రీ తేడా

మెకానిక్ అనగానే మన కళ్లముందు మెదిలేది నూనె మరకల చొక్కాతో లారీ కింద దూరి స్పానర్ తిప్పే కుర్రాడే. అందుకే పదో తరగతి పాసైన అబ్బాయి ఐటీఐలో మోటార్ మెకానిక్ చదువుతానంటే సరేనంటాం. అదే మాట అమ్మాయి అంటే, "నీకెందుకే ఆ మొరటు పని?" అని కుట్టు మిషన్ వైపో, కంప్యూటర్ వైపో చూపిస్తాం.

కానీ ఆ పని ఇప్పుడు అంతా మొరటు పని కాదు. కొన్నేళ్లుగా మన దేశంలో అమ్ముతున్న కొన్ని కార్లకు కళ్లు వచ్చాయి. ముందు అద్దం వెనక చిన్న కెమెరా, బంపర్ దగ్గర రాడార్. ముందు బండి హఠాత్తుగా ఆగితే హెచ్చరించడం, డ్రైవరు పట్టించుకోకపోతే తామే బ్రేకు వెయ్యడం, గీత దాటితే చెప్పడం వీటి పని. ఈ ఏర్పాటునే 'అడాస్' అంటున్నారు.

అద్దం పగిలి కొత్తది వేసినా, గుద్దుకుని బంపర్ మార్చినా ఆ కళ్ల చూపు మళ్లీ సరిచూడాలి. అదే క్యాలిబ్రేషన్. కిరాణా కొట్టు కాటాను తూనికలు కొలతల శాఖవాళ్లు పరీక్షించి ముద్ర వేస్తారు కదా, అలాంటిదన్నమాట! ఎగుడుదిగుడు లేని నేల మీద బండి నిలపాలి. టైర్లలో గాలి చూడాలి. బండి నడిమధ్య గీత పట్టి, కంపెనీ చెప్పిన దూరంలో, ఎత్తులో గుర్తులున్న బోర్డు పెట్టి, కంప్యూటర్ తగిలించి కెమెరాకు దాన్ని చూపించాలి. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే చాలు, 100 మీటర్ల దూరంలో చూపు 1.75 మీటర్లు తప్పుతుంది. హైవే మీద ఒక్కో వరుస వెడల్పు 3.5 మీటర్లు. అంటే సగం వరుస తప్పినట్టే!

ఇది కండబలం అడిగే పని కాదు. ఓపిగ్గా కొలిచే గుణం, చెప్పింది చెప్పినట్టు చేసే నిజాయితీ అడిగే పని. అవి ఆడవాళ్ల సొత్తూ కాదు, మగవాళ్ల సొత్తూ కాదు. నేర్పితే వస్తాయి.

మన ప్రాంతానికీ దీనికీ ఏం సంబంధం అంటారా? జనగామ మీదుగా 163వ నంబరు జాతీయ రహదారి పోతుంది. భూపాలపల్లి దారుల్లో బొగ్గు లారీలు, ఇసుక లారీలు. మహబూబాబాద్ పల్లెల్లో కూలికి ఆటోల్లో పోయే ఆడవాళ్లు. ఒక్క ప్రమాదం ఇంటి దీపాన్ని ఎలా ఆర్పుతుందో మనకు ఒకరు చెప్పాలా? హైదరాబాద్ ట్రిపుల్ ఐటీవాళ్లు మన రోడ్లను యంత్రాలకు నేర్పడానికి 2018లో 10,000 చిత్రాలు సిద్ధం చేశారు. తర్వాత 'ఐరాస్తే' పథకం కింద మన ఆర్టీసీ బస్సుల్లో కూడా హెచ్చరిక పరికరాలు పెట్టించారు. కొత్త బస్సులు, లారీలకు ఇలాంటివి తప్పనిసరి చెయ్యాలని కేంద్ర రవాణా శాఖ 2025లో ముసాయిదా ఇచ్చింది. రేపు ఈ పని కార్ల షోరూములు దాటి లారీ షెడ్డు దాకా వస్తుంది.

ఇప్పటికైతే ఈ ఉద్యోగాలు ఎక్కువగా నగరాల సర్వీస్ సెంటర్లలోనే ఉన్నాయి. పునాది మాత్రం ఐటీఐలోనో, పాలిటెక్నిక్‌లోనో వేసుకోవచ్చు. ఆపైన కంపెనీ శిక్షణ. టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్రంలో 65 ఐటీఐలను ఆధునికం చేసే పని 2024లో మొదలైంది. ఆ కొత్త యంత్రాల ముందు మన అమ్మాయిలు ఎంతమంది నిలబడతారన్నదే ప్రశ్న.

యజమానులకూ ఒక మాట. మెకానిక్ చదివొచ్చిన అమ్మాయిని రిసెప్షన్‌లో కూర్చోబెట్టకండి. షెడ్డులో మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, అబ్బాయితో సమానంగా జీతం - ఇవి దయతో ఇచ్చేవి కావు.

యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందిన వాంకుడోతు సరిత 2015లో ఢిల్లీలో బస్సు స్టీరింగ్ పట్టారు. 2025లో మన ఆర్టీసీలో తొలి మహిళా డ్రైవరయ్యారు. బండి నడపగలిగిన చెయ్యి బండి చూపు సరిచెయ్యలేదా? ఈసారి ఐటీఐ దరఖాస్తు నింపేటప్పుడు ట్రేడు మీరు రాయకండి. అమ్మాయిని అడగండి.