పొగగొట్టపు జాలిని పీకి పారవేయకుడు

"ఇంజను లాగుటలేదా? సైలెన్సరులోని జాలి తీసివేయుము" అను సలహా నేడు పల్లెలలో తరచుగా వినవచ్చుచున్నది. మూసికొనిన జాలిని తీసిన వెంటనే ఇంజను గట్టిగా లాగును గనుక సలహా మంచిదనియే తోచును. కాని ఇది మొరుగుచున్నదని కావలికుక్కను తరిమివేయుట వంటిది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల రైతులు ఈ సంగతి ముఖ్యముగా గమనింపవలెను. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడిచిన పిమ్మట ఎడమ కాలువ క్రింద వరి క్రమముగా విస్తరించినది. వరితో పాటు గడ్డివాములును పెరిగినవి. కూలీల కొరత వలన పవరు స్ప్రేయర్లు, గట్ల మీది గడ్డి కోయు బ్రష్ కట్టర్లు, పవరు వీడర్లు ఊరూర చేరినవి. యాసంగి కోతల కాలమగు ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుచుండును. అట్టి ఎండలో ఎండుగడ్డి ప్రక్కనే ఈ ఇంజనులు నడుచుచున్నవి.

జాలి చేయు పని ఏమి? పూర్తిగా కాలని నూనె, పెట్రోలు వలన సైలెన్సరు లోపల మసి పేరుకొనును. ఆ మసి పెళ్లలు ఊడి, నిప్పురవ్వలై పొగతో పాటు బయటికి ఎగురును. సన్నని తీగెల జాలి వానిని లోపలనే ఆపును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో అడవులు, పొదలు, గడ్డి ఉన్న భూములలో నిప్పురవ్వల నాపు సాధనము లేకుండ ఇట్టి ఇంజనులను నడుపుట చట్టవిరుద్ధము. ఆ సాధనము ఉన్న మాత్రమున చాలదు. అది పనిచేయు స్థితిలో ఉండవలెనని కూడ అక్కడి చట్టము చెప్పుచున్నది.

జాలి మూసికొనినచో పొగ సరిగా వెడలదు. ఇంజను వేడెక్కును, బలము తగ్గును. తప్పు జాలిది కాదు, మసిది. టూ స్ట్రోకు ఇంజనులో పెట్రోలుకు నూనె ఎక్కువగా కలిపినను, తగని నూనె పోసినను, గాలి ఫిల్టరు శుభ్రము చేయకున్నను మసి హెచ్చును. యంత్రము పుస్తకములో 50:1 అని యున్నచో లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె, 25:1 అని యున్నచో 40 మిల్లీలీటర్లు కలుపవలెను. చేతి అంచనా పనికిరాదు.

శుభ్రము చేయుట కష్టము కాదు. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప ప్లగ్గు తీగె ఊడదీసి, పొగ వెడలు చోట నున్న మరలు విప్పి జాలిని తీయవలెను. మెత్తని తీగె బ్రష్షుతో మసి దులిపి, వెలుతురుకు ఎత్తి చూడవలెను. కన్నములన్నియు తెరచుకొనినచో తిరిగి బిగింపవచ్చును. మేకుతో పొడిచినచో కన్నములు పెద్దవై జాలి వ్యర్థమగును. చిరిగిన దానిని మార్చవలసినదే. ఎన్ని గంటల పనికి ఒకసారి శుభ్రము చేయవలెనో పుస్తకములో చూడుడు. ఎట్లయినను కోతలకు ముందు ఒకసారి తప్పక చూడుడు. కొన్ని ఇంజనులకు జాలి అమర్చి యుండదు. కొనునప్పుడే అడిగి తెలిసికొనుడు.

జాలి ఉన్నదని ఏమరుపాటు తగదు. కాలిన సైలెన్సరు తగిలినను ఎండుగడ్డి అంటుకొనగలదు. వేడి యంత్రమును గడ్డిపై దింపకుడు. నడుచుచున్న లేక వేడిగానున్న ఇంజనులో పెట్రోలు పోయకుడు.

అద్దె యంత్రముల విషయములో జాగ్రత్త మరింత అవసరము. పది చేతులు మారు యంత్రమునకు ఎవరును బాధ్యులు కారు. అద్దెకిచ్చువాడే జాలి చూచి ఇయ్యవలెను, తీసికొనువాడు అడిగి చూడవలెను. గ్రామాధికారులకు కూడ నా మనవి ఒకటి. ధాన్యము కొనుగోలు కేంద్రములలో గోనె సంచులు, టార్పాలిన్లు, ధాన్యపు రాశులు ఒకేచోట ఉండును. అచ్చటికి తెచ్చు ప్రతి పెట్రోలు ఇంజనుకు జాలి ఉన్నదా, లేదా అని ముందుగా చూడుడు. నీళ్ల డ్రమ్ము, ఇసుక బకెట్లు దగ్గర నుంచుడు.

జాలి తీసినవాడు తన ఇంజనుకు బలము వచ్చినదని సంతోషించును. కాని రవ్వకు గట్టు హద్దు తెలియదు. కాలునది ప్రక్కవాని వాము, వాని పశువుల ఏడాది మేత కావచ్చును. ఇంజను మనదే కాని, దాని నిప్పు ఊరందరిది. కనుక జాలిని తీయకుడు, తుడువుడు.