బట్టమీది రణభూమి

ఆట యనగానే మన పెద్దలలో కొందరు ముఖము చిట్లింతురు. అందును యుద్ధపుటాట యన్నచో వారి యసమ్మతి రెట్టింపగును. "చదువుకొనవలసిన పిల్లలు బొమ్మ సిపాయిలను బల్లమీద నిలిపి పాచికలు వేయుట యేమి చదువు?" అని మమ్ము పలువురు ప్రశ్నించిరి. గత వేసవి సెలవులలో సంతోష్‌నగరునందలి యొక యింటి డాబామీద మేము చేసిన పనిని, అందువలన మాకు తోచిన యభిప్రాయమును సోదర విద్యార్థుల ముందుంచుటయే ఆ ప్రశ్నకు తగిన ప్రత్యుత్తరమని తలంచి యీ వ్యాసమునకు పూనుకొంటిమి.

ఈ యాట నెఱుగనివారికి ముందుగా రెండు మాటలు. ఇందలి సిపాయి బొమ్మ సుమారు 28 మిల్లీమీటర్ల యెత్తు, అనగా అంగుళమున కించుక మించి యుండును. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుగల బల్లపై రెండు సేనలను నిలిపి, కొలబద్దతో దూరము కొలుచుచు, పాచికలు వేయుచు, నియమము తప్పక ఆడుదురు. బల్లమీద ఒక గుడ్డ పఱచియుండును. దానిపై బాటలు, వాగులు, పొలములు, గుట్టల నేల చిత్రింపబడియుండును. ఆ గుడ్డయే రణభూమి. నేడు విదేశములలో ముద్రించిన రబ్బరు చాపలు అమ్మకమునకు దొరకును. వానిని తెప్పించుకొనుట మనవంటి విద్యార్థుల సంచికి మించిన పని. అయినను మా వాదము ధరను గూర్చినది మాత్రమే కాదు. ఉచితముగ దొరకినను ఆ చాపను కొనితెచ్చుకొనుటకంటె, ఆడువారు తమ నేలను తామే తయారుచేసికొనుట మేలని మా దృఢాభిప్రాయము. ఏలన, ఈ క్రీడయందు బోధించునది సిపాయి కాదు, నేల.

బట్టమీద ఆడుట మనకు నూతనము కాదు. పచ్చీసు ఆటకు సిలువ యాకారమున గుడ్డ కుట్టి, ఒక్కొక్క చేతియందు 24 గడులు, నాలుగు చేతులయందు 96 గడులు తీర్చి, ఆట ముగిసిన పిదప చుట్టి యటకపై నుంచుట మన పూర్వులెఱిగినదే. గవ్వలు వేయగా పడు 25 అను పందెమునుండియే ఆ యాటకు పేరు వచ్చినది. ఇక చదరంగమన నేమి? ఏనుగు, గుఱ్ఱము, రథము, కాల్బలము అను చతురంగ సేనల పోరే గదా! కాని చదరంగపు నేల యంతయు నొక్కటే రీతి. అందు వాగు లేదు, గుట్ట లేదు, బురద లేదు. ఆ లోపమును పూరింపదలచి ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను నాతడు 1812లో తమ రాజునకు కొండలు, నదులు, గ్రామములు కల పలకలను మార్చి మార్చి యమర్చుకొను బల్ల నొకదానిని సమర్పించెను. ఆతని కుమారుడు 1824లో దానిని పటముల మీద ఆడునట్లు సంస్కరింపగా, సేనానులు దానిని శిక్షణకై గ్రహించిరి. పిమ్మట ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అను పుస్తకమును వ్రాసి యీ యాటను సామాన్యుల యిండ్లకు చేర్చెను. బొమ్మలతో మూడు నాలుగు మారులు ఆడినవానికి నిజమైన యుద్ధమెంత తెలివిమాలిన పనియో తెలియగలదని ఆతడు ఆ గ్రంథాంతమున వాదించెను. మఱుసటి సంవత్సరమే, 1914లో, మొదటి ప్రపంచ యుద్ధము చెలరేగెను. ఆతని మాటను లోకము వినలేదు; అంతమాత్రమున ఆ మాట యసత్యము కాజాలదు.

ఇక మా పని. ముందుగా మా తప్పులనే చెప్పెదము. శామియానాలు కుట్టు దుకాణమున మిగిలిన ముతక కాన్వాసు గుడ్డను కొని తెచ్చితిమి. వడ్రంగులు వాడు తెల్లబంకలో ఇసుకయు రంగును కలిపి గుడ్డమీద దట్టముగ పూసితిమి. ఎండిన పిదప అది చూచుటకు నిజమైన నేలవలెనే యుండెను. కాని దానిని చుట్టి చంకబెట్టుకొని పాఠశాలకు బయలుదేరునప్పటికి పెళపెళ చిట్లి, ఐ.ఎస్. సదను చౌరస్తా చేరులోపల మా రణభూమిలో సగము ఆటోరిక్షాలో రాలిపోయెను. రెండవ మారు రంగుల దుకాణమున పగుళ్లు నింపు లేపనము నడిగితిమి. స్నానాల గదికా, గోడకా యని దుకాణదారుడడిగిన ప్రశ్నలోని యర్థము మాకు బోధపడక, నీరు తగులని దెందుకని స్నానాల గదిదే తెచ్చితిమి. అది సిలికోను. సిలికోనుమీద రంగు నిలువదు. వేసిన రంగంతయు వేలితో తీయగా పొరవలె ఊడివచ్చెను.

అప్పుడు మాకు చేర్యాల పటములు జ్ఞప్తికి వచ్చినవి. నేటి సిద్ధిపేట జిల్లాలోని చేర్యాలయందు నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూతపెట్టి, అది యారిన పిదప దానిపై చిత్రములు వ్రాయుదురు. పూర్వము కథకులు అట్టి పొడవైన పటములను చుట్టగా చుట్టి యూరూర త్రిప్పి, కథ నడచిన కొలది విప్పుచు జనులకు చూపుచుండిరి. మాకు కలిగిన చిక్కు వారికి తరతరముల క్రిందటనే కలిగియుండవలెను: పూత గట్టిగనుండవలెను గాని, గుడ్డతోపాటు వంగవలెను. వారు కనుగొనిన మార్గము జిగురును నమ్ముకొనుట, పూతను పలుచగ నుంచుట. మన గడపలోని విద్యను వదలి మేము పరదేశపు చాపల బొమ్మలను చూచుచు కూర్చుంటిమి గదా యని సిగ్గుపడితిమి.

మూడవ ప్రయత్నము ఫలించినది. చేయదలచువారి యుపయోగార్థము ఆ క్రమమును వివరించుచున్నాము. గుడ్డను కావలసిన కొలతకంటె అన్ని వైపుల మూడంగుళములు ఎక్కువగ కత్తిరించి, ఒక రాత్రి నీట నానబెట్టి ఆరవేయవలెను. లేకున్న పూతలోని తడికి తరువాత ముడుచుకొనును. ఇస్త్రీ చేసి, చదునైన నేలపై పఱచి, అంచులను అంటుపట్టీతో బిగింపవలెను. గోడల పగుళ్లకు వాడు ఆక్రిలిక్ లేపనము రెండు పాళ్లు, మట్టిరంగు ఆక్రిలిక్ వర్ణము ఒక పాలు, జల్లించిన సన్నని ఇసుక ఒక పాలు చేర్చి, కొంచెము నీటితో దోసెపిండి వలె కలుపవలెను. మాకు ఆరు గొట్టముల లేపనము పట్టినది. తాపీతో గుడ్డనేత కనబడకుండునంత మాత్రము, పలుచగ పూయవలెను. బాటలున్న చోట నున్నగను, పొలములున్న చోట దువ్వెనతో చాళ్లు గీసియు తీర్చవలెను. తడి యారకముందే పచ్చరంగు వేసి యెండబెట్టిన రంపపుపొట్టును పచ్చిక యుండవలసిన చోట చల్లి అదుమవలెను. మన మే మాసపు టెండలో పూత త్వరపడి బిగిసి బీటలిచ్చును గనుక తెల్లవారుజామున గాని, సాయంకాలమున గాని పనిచేయుట మంచిది. ఒక దినము పూర్తిగ ఆరిన మీదట లేతరంగును పొడికుంచెతో మిట్టలపై రాచినచో నేలకు జీవము వచ్చును. ఈ చాపను ఎన్నడును మడవరాదు, చుట్టియే యుంచవలెను.

ఇంతవరకు చేతిపని. అసలు పాఠము తరువాత వచ్చినది. మేము గోలకొండ ముట్టడిని ఆడదలచి, ఫతే దర్వాజా వెలుపలి నేల మొదలు మూసీ యొడ్డు వరకును ఆ గుడ్డమీద తీర్చితిమి. కోటగోడ, బురుజులు, ఫిరంగుల దిబ్బలు, నది యన్నియు నమరినవి. మా పనిని మేమే మెచ్చుకొనుచుండగా మాలో నొకని చెల్లెలు, అయిదవ తరగతి బాలిక, వచ్చి చూచి, "అన్నా, ఇక్కడి జనం ఎక్కడుంటారు?" అని యడిగెను. మేమొకరి మొగము నొకరు చూచుకొంటిమి. ఆరడుగుల గుడ్డమీద ఒక యిల్లు లేదు, ఒక బావి లేదు, ఒక పొలము లేదు. యుద్ధము జరుగుటకై దేవుడు ప్రత్యేకముగ సృజించిన బయలు వలె నున్నది మా నేల.

ఆ బాలిక ప్రశ్న మమ్ము చరిత్ర పుస్తకములకు మరల పంపినది. ఔరంగజేబు 1687 జనవరి చివర గోలకొండను ముట్టడించెను. సెప్టెంబరు నెలలోగాని కోట లొంగలేదు. ఇంచుమించు ఎనిమిది నెలలు. ఆ నడుమ వానలు ముంచెత్తినవి, నదులు పొంగినవి, ధాన్యము రాలేదు. కరవును తెగులును కోట వెలుపలి సైన్యమును, నగర ప్రజలను గూడ పీడించినవి. కోటగోడ క్రింద త్రవ్విన సొరంగములలోని మందు వెనుకకు ప్రేలి ముట్టడించినవారినే చంపినది. తుదకు తలుపు తెఱచినది ఫిరంగి కాదు, లంచము. అబ్దుల్ రజాక్ లారీ యొడలెల్ల గాయములతో పోరాడిన సంగతి అందఱును చెప్పుకొందురు. ఆ యెనిమిది నెలలు మూసీ యొడ్డున నాగలి పట్టలేకపోయిన రైతు సంగతి చెప్పువారు లేరు. మా చాపమీదను ఆతనికి చోటు లేకపోయెను.

మరునాడు మేము మరల లేపనము కలిపితిమి. ఒక పల్లె, ఒక చెరువు, రెండు బావులు, అయిదు పొలములు చేర్చితిమి. ప్రతి పొలముపై ధాన్యమునకు గుర్తుగ చింతగింజల నుంచి, క్రొత్త నియమ మొకటి యేర్పఱచుకొంటిమి: ఏ సేన పొలమును త్రొక్కినను ఆ పొలపు గింజలు తీసివేయవలెను, గింజలు తఱిగిన కొలది ఇరు పక్షముల సేనలును నడవగల దూరము తగ్గవలెను. పిమ్మట జరిగిన మొదటి యాటలో, దగ్గరిదారియని పొలములన్నిటిని త్రొక్కుచు వచ్చిన మా మిత్రుని సేన కోటగోడ యెదుట కదలలేక నిలిచిపోయినది. కోటలోనివారికిని కదలిక లేదు. గెలిచినదెవరో నిర్ణయింపలేక మేము చాలసేపు ఊరకుంటిమి. అట్టి నిశ్శబ్దమును ఏ చరిత్ర పాఠమును మాకంతకు మునుపు కలిగింపలేదు.

యుద్ధమును ఆటగా చేయుట పిల్లల మనస్సులను కఠినపఱచునని యాక్షేపించు పెద్దల మాట తేలికగ త్రోసివేయదగినది కాదు. నేల లేని యాట, జనము లేని నేల తప్పక కఠినపఱచును. ఈ విషయమున మేము వారితో ఏకీభవించుచున్నాము. కాని పిల్లలకు యుద్ధము కనబడకుండ దాచుట మన వాడలో సాధ్యమా? సంతోష్‌నగరు ప్రక్కనే కంచన్‌బాగు కలదు. అచట దేశరక్షణకై క్షిపణులను రూపొందించు పరిశోధనాలయమును, లోహములను శోధించు మఱియొక పరిశోధనాలయమును, మిధాని కర్మాగారమును ఉన్నవి. మాలో కొందరి తండ్రులు ప్రతిదినము ఆ ద్వారములగుండ పనికి పోవుదురు. యుద్ధము మన పొరుగుననే యున్నది. సెల్‌ఫోనులలో రాత్రింబవళ్లు వినోదముగ ఆడబడుచునే యున్నది. ఆ ఫోనులోని రణభూమిని మనము చేయలేదు. అందు కాలిన యిల్లు క్షణములో మాయమగును. చేతితో తీర్చిన పల్లె యట్లు మాయము కాదు. గంటసేపు కూర్చుండి తాను చాళ్లు గీసిన పొలముమీదుగ సేనను నడపుటకు ఎంతటివానికైనను చేయి వెనుకాడును. ఆ వెనుకాటయే మేము కోరు విద్య.

కాలము వృథా యగునను రెండవ యాక్షేపణకు మా ప్రత్యుత్తరము క్లుప్తము. ఆ గుడ్డను తీర్చుటలో మేము కొలత మార్పు లెక్కలు, పటము చదువుట, వర్ణముల మేళనము, మన చరిత్ర, మన చేతిపనులు, వీనినన్నిటిని నేర్చితిమి. పరీక్షకై యివి కంఠస్థము చేయుటకు ఇంతకంటె ఎక్కువ దినములు పట్టెడివి. మఱచుటకు తక్కువ పట్టెడివి.

కావున అధ్యాపకులకును సోదర విద్యార్థులకును మా మనవి యిది. ప్రతి సంవత్సరము పై తరగతివారు తాము చదివిన యొక యుద్ధము జరిగిన నేలను ఒక గుడ్డమీద తీర్చి పాఠశాలకు ఒప్పగింతురుగాక. ఈ యేడు గోలకొండ సిద్ధముగ నున్నది. రాబోవువారు 1757 నాటి బొబ్బిలిని తీసికొనవచ్చును. అచట కోటలోపల స్త్రీలు, పిల్లలు ఏమైరో చదివిన పిదప ఆ గుడ్డను ఎట్లు తీర్చెదరో చూడవలెనని మాకు కుతూహలము. గ్రంథాలయమున ఒక మూల చాలును; చుట్టలుగ నిలిపిన పది చాపలకు ఒక బీరువా యైనను అక్కఱలేదు. మా షరతు ఒక్కటియే. ఏ గుడ్డమీదనైనను సేనలను దింపకముందు, "ఇక్కడి జనం ఎక్కడుంటారు?" అను ప్రశ్నకు సమాధానము ఆ గుడ్డమీద చిత్రింపబడి యుండవలెను. అది లేని నేలమీద ఆట మొదలుపెట్టరాదు.

మా చాప ప్రస్తుతము చరిత్ర తరగతి గదిలో నున్నది. చూడగోరువారు వచ్చి విప్పి చూడవచ్చును. చూచిన పిదప చుట్టి పెట్టుడని మాత్రము ప్రార్థన, దయచేసి మడవకుడు.