సిగ్గు కాదు, భయం!

మొన్న నా స్నేహితురాలికి తోడుగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు వెళ్లాను. లోపలికెళ్లిన రెండు నిమిషాలకే వణుకుతూ బయటికొచ్చేసింది. "ఇద్దరు పిల్లల తల్లివి, ఇంకా సిగ్గేంటమ్మా?" అని నర్సు విసుక్కుంది. ఇంటిదారిలో ఒక్క మాటే అంది: "చిన్నప్పుడు మా చుట్టాలాయన చేసింది... ఆ బల్ల ఎక్కగానే గుర్తొచ్చిందే."

ఇన్నేళ్ల స్నేహంలో నాకే తెలియని సంగతి నర్సుకెలా తెలుస్తుంది? తెలియనక్కర్లేదు కూడా. ఎవరికి ఏ గాయముందో తెలియదు కనుకే అందరితోనూ మెత్తగా ఉండాలి. ఏం చేయబోతున్నదీ ముందే చెప్పాలి. తోడు మనిషిని ఉండనివ్వాలి. "ఆపండి" అంటే ఆ క్షణమే ఆపాలి. వీటికి పైసా ఖర్చవుతుందా?

ఇంకో దారీ ఉంది. ఈ జబ్బుకు దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్సే మూలం. అది ఉందో లేదో చూడ్డానికి కావలసిన నమూనాను, తలుపు వేసుకుని, చిన్న పుల్లతో మనమే తీసివ్వొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో ఈ పద్ధతీ ఉంది. ఆస్ట్రేలియాలో 2022 జూలై నుంచి ఎవరు తీయాలన్నది ఆడవాళ్ల ఇష్టమే. వైరస్ ఉందని తేలితే మాత్రం డాక్టరు చూడక తప్పదు. కానీ లేదని తేలినవాళ్లకు ఆ బల్ల బాధ తప్పినట్టేగా!

ఈ జబ్బు మొదట్లో నొప్పి తెలియనివ్వదు. ముందే కనిపెడితే క్యాన్సర్ కాకుండానే ఆపొచ్చు. భయంతో ఆగిపోయినవాళ్లకు ఆ అవకాశం ఎందుకు పోవాలి? మన ఊరి ఆరోగ్య కేంద్రాల్లోనూ ఈ వీలుండాలి.

"అదైతే చేయించుకుంటానే" అంటోంది నా స్నేహితురాలు. ఆ మాట వినేదెవరు?